ఎవరికెన్ని రోజులు?

అరిసెలు వండిన రోజున మన వంటిళ్ళు న్యాయస్థానాలైపోతాయి. నలుగురు పిల్లలుంటే నలుగురికీ లెక్కపెట్టి పెట్టాలి. పెద్దవాడికి మూడంటే చిన్నదానికీ మూడే. ఒకటి విరిగిందనుకోండి, దాని బదులు ఇంకొకటి చేతిలో పడేదాకా ఆ పిల్ల వంటింటి గడప దిగదు. కానీ అదే పిల్లల్లో ఒకడికి జ్వరం వచ్చి, అమ్మ రాత్రంతా వాడి మంచం పక్కనే కూర్చుంటే, మిగిలిన ముగ్గురూ "మా పక్కన కూడా అంతసేపూ కూర్చో" అని పేచీ పెట్టరు. అరిసెల దగ్గర సమానం కావాలి, జ్వరం దగ్గర అక్కర్లేదు. ఈ తేడా వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. వాళ్ళకే తెలుసు.

మరి ఆ పిల్లలే పెద్దవాళ్ళై, తలో వూళ్ళో కాపురాలు పెట్టుకున్నాక, ముసలివాళ్ళైన అమ్మా నాన్నా ఏడాదికొకసారి చూడ్డానికి వస్తారే, ఆ రాక అరిసె లాంటిదా, జ్వరంలో పక్కన కూర్చోవడం లాంటిదా? రోజులు సమానంగా పంచాలా, అవసరాన్నిబట్టి ఇవ్వాలా? చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ దీనిమీద మాటలు మానేసిన అక్కాతమ్ముళ్ళని నేనెరుగుదును. మీరూ ఎరిగే వుంటారు.

మా కాచిగూడలో, రైల్వే స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక దంపతులున్నారు. పేర్లెందుకు లెండి. ఆయన రైల్వేలో గుమాస్తాగా, ఆవిడ బడిలో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. వీధి వీధంతా ఆవిణ్ణి టీచరమ్మగారనీ, ఆవిడ పుణ్యమా అని ఆయన్ని మాస్టారనీ పిలుస్తుంది. ఆయన జన్మలో ఒక్క పాఠం చెప్పి ఎరగరు. పొద్దున్నే ఇందిరా పార్కులో నడక. సాయంత్రం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పేపర్లు. ఆదివారం నారాయణగూడలో ఆరాధన. 2020 ఫిబ్రవరిలో మెట్రో ఆ దారిన నడవడం మొదలయ్యాక, పిల్లల్లా అందులో ఎక్కి దిగడం కూడా వాళ్ళకొక షికారే. త్యాగరాయ గానసభలో మంచి కచేరీ వుందంటే టీచరమ్మగారు ముందు వరసలో వుంటారు. ఆవిడ ఇంట్లో పాడుకునేవి పురుషోత్తమ చౌదరిగారి క్రైస్తవ కీర్తనలు. ఆయన 1803 నుంచి 1890 దాకా బతికిన మనిషి. "రాగాలకి మతమేమిటమ్మా!" అంటారావిడ.

వసంతం వచ్చిందంటే ఈ దంపతులకి ప్రయాణాల రోజులు. మన ఉగాది లాగే వాళ్ళ ఈస్టరు కూడా చంద్రుణ్ణి చూసుకుని వస్తుంది. మార్చి 21న గానీ ఆ తరువాత గానీ వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారం ఈస్టరు. అందుకే రెండూ కాస్త వెనకా ముందుగా జంటగా తిరుగుతుంటాయి. 2024లో ఈస్టరు మార్చి 31నే వచ్చేసింది, ఉగాది ఏప్రిల్ 9న. 2025లో ఉగాది ముందు, మార్చి 30న. ఈస్టరు ఏప్రిల్ 20న. ఈస్టరుకి ముందు ఆదివారాలు తీసేసి నలభై రోజులు శ్రమల దినాలు. ఆ రోజుల్లో ఇష్టమైనదేదో ఒకటి మానుకుంటారు. మాస్టారు కాఫీ మానేస్తారు. కాఫీ లేని ఆయన విసుగంతా భరించాలి గనక, అసలు ఉపవాసం టీచరమ్మగారిదని నా అనుమానం.

ఆ నలభై రోజుల్లోనే పిల్లలందరి ఇళ్ళూ చుట్టి వస్తారు. పెద్దకొడుకు బెంగుళూరులో మంచి ఉద్యోగంలో వున్నాడు. కూతురు గుంటూరులో లెక్చరరు. చిన్నవాడు మెదక్‌లో. పెట్టిన కొట్టు మూతపడింది, అప్పు మిగిలింది, భార్య మిషను కుట్టి ఇల్లు నెట్టుకొస్తోంది. 2022లో మెదక్‌కి రైలు మార్గం వేశాక వాళ్ళకి ఆ వూరు మరీ దగ్గరైంది. మాస్టారి లెక్క ఏళ్ళ తరబడి ఒకటే: బెంగుళూరుకి వారం, గుంటూరుకి వారం, మెదక్‌కి మూడు వారాల పైన. మట్టల ఆదివారానికి మళ్ళీ కాచిగూడ.

లెక్క న్యాయంగానే లేదూ? జ్వరం వచ్చినవాడి పక్కన ఎక్కువసేపు కూర్చోవడమే కదా!

కానీ గుంటూరు అమ్మాయి ఒకసారి పుట్టింటికి వచ్చినప్పుడు మా వంటింట్లో స్టూలు మీద కూర్చుని అడిగింది. "అక్కా, నేను బాగా చదువుకున్నాను, చెప్పిన సంబంధం చేసుకున్నాను, ఎవర్నీ పైసా అడగలేదు. అందుకే నాకు ఏడు రోజులు. బుద్ధిగా వుండటం తప్పా?"

నేను ఏమీ అనకుండా టీ పోశాను. తరువాత అసలు సంగతి చెప్పింది. ఆ ఏడు రోజులైనా తనవి కావట. అమ్మ గుంటూరు వచ్చేదే మిరపకాయల కాలం. కొత్త కాయలు కొనడం, ఎండబెట్టడం, తొడిమలు తీయడం, కారం పట్టించడం, కొత్త చింతపండు పిక్కలు తీసి ముద్దలు చేయడం. మూట కట్టేది మాత్రం మెదక్‌కి. "నా డాబా మీద ఎండిన మిరపకాయలక్కా అవి. అమ్మ నా ఇంట్లో వుంటుంది గానీ నా దగ్గర వుండదు."

టీచరమ్మగారి మతంలోనే ఈ ఫిర్యాదు గురించిన కథ ఒకటుంది. లూకా సువార్త 15వ అధ్యాయంలో యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథ. ఆస్తిలో వాటా పట్టుకుపోయి తగలేసిన చిన్నకొడుకు, కరువులో పందులు కాచి, చివరికి ఇంటికి తిరిగొస్తాడు. తండ్రి ఎదురు పరుగెత్తి, మెడమీద పడి ముద్దు పెట్టుకుని విందు చేస్తాడు. పొలంనుంచి వచ్చిన పెద్దకొడుకు ఆ పాటలూ ఆటలూ విని గుమ్మంలోనే ఆగిపోతాడు. ఇన్నేళ్ళు సేవచేస్తే నా స్నేహితులతో సంతోషపడటానికి నాకొక మేకపిల్లనైనా ఇచ్చావా అని అడుగుతాడు.

ఆ అధ్యాయంలో దీనికి ముందు ఇంకో రెండు కథలున్నాయి. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే తొంభైతొమ్మిదీ వదిలి వెతకడానికి పోయే కాపరిది ఒకటి. పది నాణేల్లో ఒకటి పోతే దీపం వెలిగించి ఇల్లంతా చిమ్మి వెతికే ఆడమనిషిది ఒకటి. మూడింటిలోనూ పోయింది దొరికినందుకే సంతోషం. కానీ వెనక వదిలేసిన తొంభైతొమ్మిది గొర్రెలూ ఏమీ అనవు. పెట్టెలో వున్న తొమ్మిది నాణేలూ ఏమీ అనవు. మూడో కథలో మాత్రమే, తప్పిపోని దానికి నోరుంది. అది అడుగుతుంది. కథ చెప్పినవాడు ఆ నోరు నొక్కలేదు. పెద్దకొడుకుని అసూయపరుడని తండ్రి చేత తిట్టించనూ లేదు. చిన్నవాడికి ఎదురెళ్ళిన తండ్రే, విందు మధ్యలో లేచి, పెద్దవాడి కోసం కూడా గుమ్మం బయటికి వస్తాడు. బతిమాలతాడు. నాదంతా నీదేగా అంటాడు.

అయితే ఆ మాట చెప్పడానికి తండ్రికి అంతకాలం పట్టింది. పెద్దవాడు అడిగింది ఆస్తి కాదు, మేకపిల్ల. తనకోసమంటూ ఒక్క పూట పండగ. అన్నీ వున్నవాడికి ఆ ఒక్కటీ లేదని ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

అవసరాన్నిబట్టి పంచడంలో చిక్కు ఇక్కడే వుంది. అవసరం ఎవరికుందో నిర్ణయించేదెవరు? కంటికి కనపడేది డబ్బులేమి, రోగం, మూతపడ్డ కొట్టు. బాగా బతుకుతున్న కూతురి మనసులో వెలితి కంటికి కనపడదు. "అడగందే అమ్మయినా పెట్టదు" అని మనవాళ్ళు ఊరికే అనలేదు. అడగడం చేతగాని పిల్లలు, అడిగితే చిన్నతనమనుకునే పిల్లలు అన్ని ఇళ్ళల్లోనూ వుంటారు. సాధారణంగా వాళ్ళే మంచిపిల్లలన్న పేరు మోస్తుంటారు.

బి.ఏ.లో మాకు షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' వుండేది. ఆ ముసలిరాజు, తనని ఎవరెంత ప్రేమిస్తున్నారో పైకి చెప్పమని, ఆ మాటలనిబట్టి ముగ్గురు కూతుళ్ళకీ రాజ్యం పంచబోతాడు. గట్టిగా చెప్పినవాళ్ళిద్దరికీ వాటాలు. చెప్పలేని చిన్నపిల్లకి ఏమీ లేదు. పంచేశాక నూరుగురు సర్దార్లని వెంటేసుకుని, ఇద్దరు కూతుళ్ళ ఇళ్ళల్లో నెలకొకచోట వుంటానంటాడు. ఆ చుట్టరికం ఎంత చేదైందో చదివినవాళ్ళకి తెలుసు. మాస్టారి వెంట సర్దార్లెవరూ లేరు, ఒక బైబిలూ ఒక మందుల డబ్బా తప్ప. అయినా నోరున్నవాళ్ళకే వాటా దక్కడం రాజుగారింట్లోనూ ఒకటే, గుమాస్తాగారింట్లోనూ ఒకటే.

సరే, మెదక్ అబ్బాయి ఈ పంపకంలో లాభపడ్డాడనుకుందామా? వాడి బాధ వాడిది. "మీరు మూడు వారాలుంటే ఈసారి ఏమైందని వీధివాళ్ళు అడుగుతున్నారమ్మా" అన్నాడట. జ్వరం వచ్చినవాడికి పక్కన కూర్చుంటే హాయి. కానీ ఏటా వచ్చి కూర్చుంటే, నేను ఎప్పటికీ రోగినేనా అనిపించదూ? అవసరాన్నిబట్టి ఇచ్చే ప్రేమ, బాగున్నవాణ్ణి మరిచిపోవడమే కాదు, బాగులేనివాడి నుదుటిమీద చీటీ కూడా అంటిస్తుంది.

దీనికి ఒక దారి మాస్టారికి మెదక్ చర్చిలోనే దొరికింది. 175 అడుగుల గోపురంతో ఆ వూరికంతా కనపడే ఆ చర్చిని ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ 1914లో మొదలుపెట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజులు. ఆకలిగా వున్నవాళ్ళకి వూరికే గింజలు పంచకుండా, పని చూపించి, ఆ పనికి తిండి పెట్టారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. "చేతిలో పెడితే దానం, పనిచేయించుకుని పెడితే మర్యాద" అంటారు మాస్టారు. ఆయన కొడుక్కి డబ్బు ఇవ్వడం మానేశారు. బాకీల పద్దు పక్కన కూర్చుని రాసి పెడుతున్నారు. టీచరమ్మగారు మనవలతో పాటు వీధి పిల్లలకీ తెలుగు చెబుతున్నారు. వీధివాళ్ళు ఇప్పుడు "టీచరమ్మగారు ఎప్పుడొస్తారు?" అని అడుగుతున్నారు గానీ, ఏమైందని అడగడం లేదు.

గుంటూరు సంగతి మాత్రం ఆ అమ్మాయే తేల్చుకుంది. 2025లో శ్రమల దినాలు మొదలుకాకముందే తల్లికి ఫోను చేసి, నాతో అన్నవన్నీ ఆవిడతోనూ అనేసింది. ఆవిడ కాసేపు పలకలేదట. తరువాత, "ఈసారి ఎన్ని రోజులుండమంటావమ్మా?" అని అడిగారట. మూడు వారాలంటుందనుకున్నాను నేను. "నాలుగు రోజులు చాలమ్మా. కానీ ఆ నాలుగు రోజులూ తమ్ముడి వూసు వద్దు, మిరపకాయలు వద్దు" అందట.

చూశారా, ఏడుకి బదులు నాలుగే అడిగింది! ఆమెకి లోటు రోజుల్లో లేదు. అయిదు వేళ్ళూ సమానంగా వుండవంటారు, ఏ వేలు కొరికినా నొప్పే అనీ అంటారు. మొదటి మాట రోజుల లెక్కకి సరిపోతుంది. రెండోదాన్ని గుర్తుపెట్టుకోవాల్సింది మనసు పెట్టేటప్పుడు. రోజులు ఎక్కువ తక్కువలుగా ఇవ్వచ్చు. ఇచ్చిన రోజున మాత్రం, ఎదుట వున్న బిడ్డకి తల్లి పూర్తిగా దక్కాలి. అక్కడ ఎక్కువ తక్కువలు కుదరవు.

ఇంకొక్క మాట. ఈ దంపతులకి నాలుగో బిడ్డ కూడా వున్నాడు. అందరికంటే పెద్దవాడు, మూడేళ్ళప్పుడే పోయాడు. నారాయణగూడ క్రైస్తవ శ్మశానవాటికలో వున్నాడు. ఈస్టరు తెల్లవారుజామున వాళ్ళిద్దరూ ఎక్కడున్నా అక్కడికి చేరుకుంటారు. చీకటితోనే పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని ఎన్నో కుటుంబాలు వస్తాయి. ఒక ఏడాది నేనూ వెంట వెళ్ళాను. టీచరమ్మగారు ఆ చిన్న సమాధిని నీళ్ళతో కడిగి, కొంగుతో తుడిచి, కొవ్వొత్తి పెట్టారు. ఆ బిడ్డకి ఏ అవసరమూ లేదు. వాటా అడగడు, ఫిర్యాదు చేయడు. అయినా ఆవిడ ఏ ఏడూ మానలేదు. ఎందుకంటే వాడు ఆవిడ బిడ్డ, అంతే.

అలాంటి ప్రేమే గుంటూరు అమ్మాయి అడిగింది. వాటా కింద రాకూడదు, జాలి కింద రాకూడదు. నా బిడ్డ గనక వచ్చాను అని రావాలి. పోయినవాడికి ఇవ్వగలిగినదాన్ని, బాగా బతుకుతున్న బిడ్డకి ఇవ్వడం మరిచిపోతుంటాం. బాగున్నారు కదా అన్న ధైర్యం మనది.

లూకా చెప్పిన కథలో పెద్దకొడుకు చివరికి విందుకి లోపలికి వెళ్ళాడో లేదో చెప్పలేదు. తండ్రి బతిమాలుతుండగానే కథ ఆగిపోతుంది. నాకైతే అది పూర్తిగా పెద్దకొడుకు చేతిలో వున్న విషయం అనిపించదు. తండ్రి ఆ తరువాత ఏంచేశాడన్న దానిమీద కూడా వుంటుంది. మర్నాడైనా ఒక మేకపిల్లని తెప్పించి, నీ స్నేహితుల్ని పిలుచుకో నాయనా అని వుంటే, వాడు తప్పకుండా లోపలికి వెళ్ళి వుంటాడు.

రేపు సెలవుల్లో మీరూ పిల్లల దగ్గరికి బయల్దేరుతారు, లేదా మీ అమ్మా నాన్నా మీ ఇంటికి వస్తారు. పచ్చళ్ళ జాడీలు సర్దేముందు, ఏమీ అడగని బిడ్డ ఎవరో ఒక్కసారి గుర్తుచేసుకోండి. అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత మనందరికీ తెలుసు. ముందుగా అమ్మే అడగకూడదని మాత్రం ఏ సామెతలోనూ లేదు.