ఎలుకకూ నెమలికీ పందెం

వినాయకచవితి నాడు చేతిలో అక్షింతలు పట్టుకుని కథ వినని ఇల్లాలు మన తెలుగునాట ఉండదు. విఘ్నాల మీద ఆధిపత్యం కొడుకులిద్దరిలో ఎవరికన్న మాట వచ్చినప్పుడు, ముల్లోకాల్లోని పుణ్యనదులన్నిటిలో స్నానం చేసి ముందుగా వచ్చినవాడికే అన్నాడు శివుడు. కుమారస్వామి నెమలెక్కి రివ్వున వెళ్ళిపోయాడు. మన బొజ్జ గణపయ్యకున్నది ఎలుక!

ఏటా వింటున్నా ఆ పందెం న్యాయమేనా అని నాకెన్నడూ తోచలేదు. మొన్న కాణిపాకం బ్రహ్మోత్సవాల్లో స్వామి ఒకరోజు మూషికం మీదా, ఇంకోరోజు మయూరం మీదా ఊరేగడం చూసి మా మనవరాలు అడిగింది: “అవ్వా, ఆ పొద్దు ఇద్దురికీ ఒకే బండి ఇచ్చుంటే పోయేది కదా?”

దానికి కొండదారుల సైకిలు పందేలంటే ప్రాణం. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మగవాళ్ళతోపాటు ఆడవాళ్ళకూ ఆ పోటీ పెట్టారు. సైకిలు తేలిగ్గా ఉంటే మిట్ట ఎక్కడం సులువు. కుదుపును మింగే స్ప్రింగులు మంచివైతే, రాళ్ళమీద దిగేటప్పుడు పట్టు తప్పదు. ఇవన్నీ డబ్బుతో వచ్చే సుఖాలే. మరి అందరికీ ఒకే సైకిలు ఇచ్చేస్తే పేచీ ఉండదు కదా?

వినడానికి ఎంతో బాగుంది. కానీ ఇంట్లో నలుగురు ఆడపిల్లలకీ ఒకే కొలత జాకెట్లు కుట్టించి, “చూశారా, మా ఇంట్లో పక్షపాతం లేదు” అంటే ఒప్పుకుంటామా? ఒకదానికి చంకలో బిగుతు, ఇంకోదానికి భుజం జారుడు. గుడ్డ ఒక్కటే, కుట్టూ ఒక్కటే, సుఖం మాత్రం ఒక్కటి కాదు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో మగవాళ్ళ పోటీ చూడండి. చెక్ దేశపు కుల్హావీ పొడుగరి, ఆయన సైకిలుకి 29 అంగుళాల చక్రాలు. స్విట్జర్లాండు షుర్టర్ ఆయనకన్నా పొట్టి, ఈయనకి 27.5 అంగుళాలవి. గంటన్నర తొక్కాక కుల్హావీ గెలిచింది ఒక్క సెకను తేడాతో! ఒకే చక్రం అని పట్టుబట్టి ఉంటే ఇద్దరిలో ఒకరికి అన్యాయం జరిగేదేమో.

జపానులో 1948 నుంచి కీరిన్ అనే సైకిలు పందేలు జరుగుతున్నాయి. జనం వాటిమీద డబ్బు కాస్తారు కనుక, అనుమానానికి తావుండకూడదని అక్కడి పోటీలకు ఆమోదం పొందిన ఉక్కు చట్రాలే వాడాలన్నారు. అయినా ఆ చట్రాన్ని తొక్కేవాడి ఒంటి కొలతకే తయారు చేస్తారు. లోహం ఒక్కటి, కొలత ఎవరిది వాళ్ళది. నాకు నచ్చిన న్యాయం ఇది.

అలాగని ఎవరికి చేతనైంది వాళ్ళు కొనుక్కోనీ అనడం కూడా నాకు మింగుడుపడదు. “వినాయకుడు ఎలుకతోనే గెలవలేదా? బుద్ధి ఉండాలి గానీ” అంటుంటారు. గమనించండి, ఈ మాట చెప్పేవాళ్ళ పెరట్లో సాధారణంగా నెమలి ఉంటుంది! పైగా ఆ కథలో, నా అసమర్థత మీకు తెలియనిదా అని కొడుకు మొరపెట్టుకుంటే, పందెం పెట్టిన తండ్రే మంత్రం ఉపదేశించాడు. అన్నయ్య వాడి వదిలేసిన పాత సైకిలు మీద మిట్ట ఎక్కే మన ఆడపిల్ల చెవిలో మంత్రం చెప్పేదెవరు? అది ఓడిపోతే, “దానికి ఆ శక్తి లేదులే” అని ఇంట్లోవాళ్ళే తేల్చేస్తారు. అన్నిటికన్నా నాకు కష్టమనిపించేది అదే. సైకిలు చేసిన తప్పు పిల్ల నెత్తిన పడుతుంది.

అందుకే ఖరీదుకి హద్దు పెట్టాలి, కొలతకి మాత్రం స్వేచ్ఛ ఇవ్వాలి. హద్దు కొత్తేమీ కాదు. రోడ్డు పందేల సైకిలు 6.8 కిలోలకన్నా తేలిగ్గా ఉండకూడదని అంతర్జాతీయ సమాఖ్య 2000లోనే నియమం పెట్టింది. బరువుకి పెట్టగలిగినవాళ్ళు, కనీసం పిల్లల పోటీల్లోనైనా, ధరకి పెట్టలేరా?

పందెం ముందు సైకిళ్ళు పక్కపక్కన నిలబెట్టి ఒక్కలా ఉన్నాయా అని చూస్తే చాలదు. ప్రతి పిల్లా ఎక్కి కూర్చున్నాక పాదం పెడలుకి అందుతోందో లేదో చూడాలి. అది చూశాక ఈల ఊదితే, ఆపైన ఎవరు ఓడినా ఆ ఓటమి వాళ్ళ సొంతం, గెలుపూ వాళ్ళ సొంతమే.