అశ్వశక్తి – అశ్వహృదయము

ధర్మసంకటమను మాట వినగానే మనకు పెద్ద పెద్ద సంగతులే స్ఫురించును. కన్నవారి మాట కాదనుటయా, ఇచ్చిన మాట తప్పుటయా. సత్యము పలికి మిత్రుని కోల్పోవుటయా, మౌనము వహించి మిత్రుని నిలుపుకొనుటయా – ఇట్టివి. నిత్యజీవితములో మాత్రము ధర్మసంకటము అంతటి అలంకారముతో రాదు. ఇది కేవలము ఇష్టానిష్టముల సంగతియే కదా అనిపించునట్లు చిన్న వేషమున వచ్చి, అరుగుమీద కూర్చుండి, ఎంతకును లేవదు. కొన్ని యేండ్ల క్రిందట ఊరిగాంలో మా యింటి అరుగుమీదనే కూర్చుండి మా పూర్వశిష్యు డొకడు మా ముందుంచిన ప్రశ్న అట్టిది. రెండు కార్లలో ఏది కొనవలెను? అంతియే ప్రశ్న. నవ్వి ఊరకుండదగినదే. అయినను దానినిగూర్చి నేటికిని ఆలోచించుచునే యున్నాము.

ఆ చిన్నవానిది ఈ నేల క్రిందనే బ్రదికిన వంశము. తాత ఊరిగాం గనిలో దిగెను. తండ్రియు గనిలోనే పనిచేసెను. 2001 ఫిబ్రవరి 28 వ తేదీన కోలారు బంగారు గనులు మూతపడునప్పటికి ఇతడు బడిలో నుండెను. తరువాత ఇక్కడి అనేక యువకులవలెనే వేకువజామున రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగుళూరు చేరి, పనిచేసి, రాత్రికి ఇల్లు చేరుచు చాల యేండ్లు గడపెను. పిమ్మట మిత్రులతో కలిసి చిన్న వ్యాపారము పెట్టెను, అది పెద్దదయ్యెను. అప్పులు తీర్చెను, చెల్లెలి పెండ్లి చేసెను, తండ్రికి ఇల్లు కట్టించెను. ఇక తనకొరకై ఒక్క కోరిక మిగిలెను.

బాల్యమున పటము కత్తిరించి గోడకంటించుకొన్న కారువంటిది కొనవలెనని ఆ కోరిక. పోర్షె అను జర్మను సంస్థ 2016 లో వెలువరించిన 718 కేమన్ మీద అతని మనసు నిలిచెను. ఇద్దరు మాత్రమే కూర్చుండదగిన కూపే బండి అది. ఇంజను మనుష్యుల వీపు వెనుక, బండి నడుమ నుండును. అందు సామాన్యమైన దానికి నాలుగు సిలిండర్లు, 300 అశ్వశక్తి. ఆ బండికే ఉగ్రరూపమన దగినది జి.టి.4 అను పేర 2019 లో వచ్చెను. దానికి ఆరు సిలిండర్లు, 420 అశ్వశక్తి. మొదటిది గంటకు 275 కిలోమీటర్ల వరకును, రెండవది 304 వరకును పోగలవు. నిలిచియున్న బండి 100 కిలోమీటర్ల వేగము నందుకొనుటకు మొదటిదానికి 5.1 సెకన్లు పట్టగా రెండవదానికి 4.4 చాలును. అనగా రెండింటికిని భేదము రెండుమార్లు రెప్పవాల్చునంత కాలము. ధరలోని భేదమన్ననో, మా ఉద్యోగకాలపు జీతమంతయు కూడబెట్టినను దానికి సరిపోవునో లేదో!

మా మొదటి సమాధానము సహజముగా ఉపాధ్యాయుల సమాధానమే. "రెండును వలదు" అంటిమి. మన దేశమున ఎక్స్‌ప్రెస్ రహదారులపై కార్లకు 2018 లో కేంద్ర ప్రభుత్వము విధించిన గరిష్ఠవేగము గంటకు 120 కిలోమీటర్లు. ఆ రెండు బండ్లలో నిదానమైనదియే ఆ హద్దునకు రెండింతలు దాటి పోగలదు. వాడరాని శక్తిని కొనుట ఒక అవివేకము. అదే శక్తిని మరింత ధరపెట్టి మరింత కొనుట రెండవ అవివేకము. పైగా జి.టి.4 నేలకు 30 మిల్లీమీటర్లు మరింత దగ్గరగా నుండును. అట్టి సుకుమారమైన దానిని రాబర్ట్‌సన్‌పేట వీధుల గతుకులకు పరిచయము చేయుట పాపము కూడ. ఇట్లు లెక్కలు చెప్పి, సంతోషమే సగము బలమని ముగించి, మా వాదమునకు మేమే మురిసితిమి.

అతడు చిరునవ్వు నవ్వెను. కొంతసేపు మాటాడలేదు. తరువాత ఇట్లనెను: "మాస్టారూ! మా తాతకు ఎంత చాలునో పైవారు నిర్ణయించిరి. మా నాయనకు ఎంత చాలునో మరియొకరు నిర్ణయించిరి. నాకెంత చాలునో ఇప్పుడు మీరు నిర్ణయించుచున్నారా?"

మాకు మాట తోచలేదు. ఆ ప్రశ్న ఈ ఊరిలో పుట్టిన ప్రశ్న. గుట్టమీద దొరల బంగళాలు, వాని చుట్టు పూలతోటలు, ఆటలకు క్లబ్బు. క్రింద కూలీల లైన్లలో తడికల గుడిసెలు. 1902 లో శివసముద్రము నుండి 92 మైళ్ల దూరము తీగలు వేసి విద్యుత్తును తెచ్చినది గని యంత్రముల కొరకు. యంత్రమునకు ఎంత కావలెనో లెక్కవేసి తెచ్చిన కాలములోనే మనుష్యునకు ఎంత చాలునో లెక్కవేసి ఇచ్చిరి. ఆ కాలమున కూలివానికి తృప్తినిగూర్చి బోధించుటకు ఎవరికిని మాటల కొరత లేదు. నిండిన విస్తరి ముందు కూర్చుండి, ఎండిన విస్తరి ముందు కూర్చున్నవానికి "చాలునయ్యా" అని చెప్పుట లోకములో మిక్కిలి సులభమైన ధర్మోపదేశము. మేమును ఆనాడు అరుగుమీద చేసినది అట్టి ఉపదేశమేనా అని సిగ్గుపడితిమి.

అయితే ఇతరులు "చాలు" అనినది అన్యాయము కనుక, మనము "ఇంకను" అనినదెల్ల న్యాయమగునా? కాదనుటకును ఈ ఊరే సాక్ష్యము. ఇక్కడి గనులు ఇంకను, ఇంకను అనుచు క్రిందికి పోయినవి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటెను. ఆ లోతున రాతి వేడిమి 60 డిగ్రీలు మించెడిది. లోతు పెరిగిన కొలదియు రాతిపై ఒత్తిడి పెరిగి, రాళ్లు పెట్లి ప్రాణములు తీసెడివి. పైన నిలిచి "ఇంకను" అన్నవారు వేరు, క్రింద ఆ రాళ్ల నడుమ నిలిచినవారు వేరు. కావున "చాలు" అను మాటవలెనే "ఇంకను" అను మాటకును ఒక పరీక్ష కలదు. అది ఎవరు పలికిరి? దాని మూల్యమును ఎవరు చెల్లించిరి? రెండు ప్రశ్నలకును ఒక్కరే జవాబైనచో ఆ మాటలో తప్పు తక్కువ. వేరువేరు మనుష్యులైనచో ఎంత చిన్న కోరికయైనను అనుమానింపదగినదే.

కారు విషయమున ధరను చెల్లించువాడు కొనువాడే. వేగపు మూల్యమును మాత్రము ఎదురుగా సైకిలుమీద వచ్చువాడును, దారి దాటు ముసలమ్మయు చెల్లింపవలసి రావచ్చును. వారిని ఎవరును అడుగరు. మా లెక్కలన్నిటిలోను నిలువదగినది ఇదొక్కటియే.

శక్తిని ఉంచుకొనుట వేరు, వాడుట వేరు అని మన గనివారికి చెప్పనక్కరలేదు. గని నోటివద్ద మనుష్యులను, రాతిని పైకిలాగు వైండింగు ఇంజను ఉండెడిది. రాయి వచ్చునప్పటి వేగము వేరు, మనుష్యులు వచ్చునప్పటి వేగము వేరు. మనుష్యులు ఎక్కుచున్నారని గంటతో గుర్తు తెలియజేయగానే, పైనున్న డ్రైవరు అదే ఇంజనును, అదే తాటిని మెల్లగా నడిపెడివాడు. యంత్రము శక్తి తగ్గలేదు. మోయుచున్నదేమో తెలిసి చేయి తగ్గినది. ఇక ఆ ఉక్కుతాడు, మోయు బరువునకు ఎన్నో రెట్ల బరువు మోయగలిగి యుండవలెనని గనుల నిబంధన. ఆ అధికబలమును ఎవరును వృథా అనరు. అది ఏనాడును బయటపడకుండుటయే దాని సార్థకత. కావున అధికమైన శక్తి యెల్ల దోషము కాదు. కాపలాకాయు అధికము ఒకటి, కవ్వించు అధికము మరియొకటి. తాడు తన బలమును చూపుమని ఎవరిని అడుగదు. 420 అశ్వశక్తి గల ఇంజను ఖాళీ రోడ్డు కనబడిన ప్రతి ఉదయమును అడుగును.

యంత్రమును చేసినవారే "చాలు" అన్న సందర్భము కూడ ఒకటి మనకు తెలిసినదే. 1983 లో ఎస్కార్ట్సు సంస్థ రాజదూత్ 350 అను మోటారు సైకిలును తెచ్చెను. యమహా సంస్థవారి ఆర్.డి.350 దానికి మూలము. మూలమునకు 39 అశ్వశక్తి యుండగా, మన దేశపు బండికి 30.5 మాత్రమే ఉంచిరి. దానిని హెచ్.టి. అనిరి. పెట్రోలు విశేషముగా త్రాగుచున్నదని తరువాత మరింత తగ్గించి 27 అశ్వశక్తితో ఎల్.టి. అనుదానిని చేసిరి. దశాబ్దము తిరుగకముందే రెండును ఆగిపోయినవి. నేటికిని పాతబండ్లు వెదకువారు మొదట అడుగునది హెచ్.టి.నే. చేసినవారు చాలు ననిరి. కొన్నవారు చాలు ననలేదు. పైనుండి కొలిచి యిచ్చిన మితమునకు లోపలి మనసు ఒప్పుకొనదని దీనివలనను తెలియుచున్నది.

మరి లోపలినుండి వచ్చు మితము ఎట్టిది? దీనికి మన నలోపాఖ్యానము కంటె మంచి దారి మాకు కనబడలేదు. నన్నయభట్టు ఆరణ్యపర్వమున దానిని తెనిగించెను. దమయంతి ద్వితీయ స్వయంవరమని విని ఋతుపర్ణుడు ఒక్కదినములో విదర్భకు పోవలెననెను. బాహుకుడను పేర సారథియై యున్న నలుడు అశ్వశాలకు పోయి బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరి తెచ్చెను. రాజు చూచి, ఇవియా మనలను చేర్చునవి అని శంకించెను. బాహుకుడు గుఱ్ఱపు పుష్టిని చూడలేదు, లక్షణమును చూచెను. రథము కదలినది. దారిలో రాజు ఉత్తరీయము జారిపడగా, నిలుపుమని చెప్పునంతలోనే అది యోజనము వెనుకబడినది! పుష్టిగల గుఱ్ఱములకొరకు చూచిన రాజునకు తెలియనిది, సారథికి తెలిసినది ఒక్కటియే, దానినే అశ్వహృదయమనిరి. అశ్వశక్తి గుఱ్ఱమున నుండును. అశ్వహృదయము తోలువానిలో నుండవలెను. మొదటిది అంగడిలో అమ్ముదురు. రెండవది అమ్మరు.

ఈ కథలో మరియొక మర్మము కలదు. గుఱ్ఱములను అంతగా ఎరిగిన నలుడే జూదపు పలకముందు "చాలు" అనలేక రాజ్యమును పోగొట్టుకొన్నవాడు. గుఱ్ఱములను నిలుపనేర్చిన చేయి పాచికలను నిలుపనేరదయ్యెను. ఋతుపర్ణునివలన అక్షహృదయమును గ్రహించిన పిమ్మటనే కలి అతని దేహమును విడిచి వెడలెను. అనగా ఒకచోట నిగ్రహము కలవాడు అన్నిచోట్లను నిగ్రహవంతుడని నమ్మరాదు. ఏ వస్తువు ముందు తాను బలహీనుడో ఎవడు తెలిసికొనునో వానికే "చాలు" అను మాట పలుకు అర్హత కలుగును. అది ఒకరు మరియొకరికి చెప్పదగిన మాట కాదు. ఎవరికి వారు చెప్పుకొనవలసిన మాట.

అందుచేత మరునాడు ఆ చిన్నవాడు వచ్చినప్పుడు మేము ఉపదేశము మానితిమి. ఒక్కటి మాత్రము అడిగితిమి: "నీవు కొనిన బండి ఏదో ఎవ్వరికిని తెలియదనుకొనుము. పేరు, గుర్తు చెరిపివేసిరి. ఎవ్వరును చూడని దారిలో, నీవొక్కడవే నడుపవలెను. అప్పుడు దేనిని కోరుదువు?" అతడు తొందరపడలేదు. జి.టి.4 కోరినను మేము తప్పుపట్టి యుండము. చెన్నై చెంత ఇరుంగాట్టుకోట్టై పందెపుబాట వంటి చోట, ఎదురుగా సైకిలు రాని దారిలో, గురువువద్ద కూర్చుండి వేగమును విద్యగా అభ్యసింపదలచిన వానికి ఆ 420 అశ్వశక్తి విలాసము కాదు, పరికరము. సితారు నేర్చువానికి మంచి సితారు వలదందుమా? అతడు తన మనసును తరచి చూచుకొని, "పందెముల మీద నాకు ధ్యాస లేదు మాస్టారూ. ఆ పెద్దబండి నాకు కావలసినది, నన్ను వేకువ రైలులో చూచినవారు చూడవలెనని" అనెను. ఆ మాట చెప్పుటకు ఎంత ధైర్యము కావలెనో మాకు తెలియును. మాలో ఎంతమంది చెప్పగలరు?

సామాన్యమైన బండినే కొనెను. కథ ఇక్కడితో ముగిసినచో నీతికథ యగును, కాని ముగియలేదు. కొన్ని నెలల తరువాత వచ్చి, బెంగుళూరు వీధిలో జి.టి.4 ఒకటి ప్రక్కనుండి పోగా తన తల తనకు తెలియకయే అటు తిరిగినదని చెప్పెను. "తప్పు చేసితినా?" అని అడిగెను. మాకు తెలియదని చెప్పితిమి. తృప్తి బండితోపాటు ఇంటికి వచ్చునది కాదు. ఒక్కమారు "చాలు" అని ఊరకుండిన చాలదు. తల తిరిగినప్పుడెల్ల మరల చెప్పుకొనవలసియుండును.

వెడలునప్పుడు ఇంకొక సంగతి చెప్పెను. మొదటిసారి తండ్రిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని బయలుదేరెనట. సైనైడు దిబ్బలు దాటి ఖాళీ రోడ్డు రాగానే ఇతని కాలు కొంచెము బరువయ్యెను. ముప్పది యేండ్లు గనిలో దిగి ఎక్కిన ఆ ముసలివాడు భయపడలేదు, కోపపడలేదు. ఎదుటి పలకమీద వ్రేలితో మెల్లగా తట్టి, "మనుషులున్నారురా" అనెనట. ఇతడు వేగము తగ్గించెను.

మేము అరుగుమీద లెక్కలతో చెప్పలేకపోయినది ఆయన రెండు మాటలలో చెప్పెను. ఏ బండి కొనవలెనని యువకులు మమ్మడిగినప్పుడు ఇప్పుడు మేము బండి పేరు చెప్పుట మానితిమి. ప్రక్కన ఎవరిని కూర్చుండబెట్టుకొందువని మాత్రము అడుగుచున్నాము.