కుక్కపిల్లయు శిక్షయు

మా యింట నాలుగు నెలల కుక్కపిల్ల యొకటి యున్నది. మొన్నటి వానలలో మా యమ్మాయి వీధికాలువ ప్రక్కనుండి దానిని ఒడిలో పెట్టుకొని తెచ్చి, మోతీ యని పేరిడినది. నాటినుండి మా యింటి వస్తువులు తమ స్థానములను మఱచినవి. చెప్పులజతలో నొకటి తులసికోటకడ నుండును; రెండవదాని జాడ తెలియదు. తెల్లవాఱుజామున ముగ్గు వేయుచున్న నా భార్య చెఱగు పట్టి లాగి, మూతినిండ పిండి పూసికొని, ఇల్లంతయు కలయ దిరుగును. కుర్చీకాళ్లును దానికి భోజ్యములే. నిందింప బనిలేదు: 28 పాలపండ్లు రాలి, వానిచోట 42 పండ్లు మొలచు కాలమిది. ఆఱేడు నెలలు నిండువఱకు చిగుళ్లు నవసి, దొరకినదెల్ల కొఱుకుట దాని శరీరధర్మము.

ఇదంతయు నాకు తెలియును. తెలిసియు నొక పని చేసితిని.

ఒకనాటి సాయంకాలము నేను బడినుండి వచ్చి గుమ్మములో నడుగిడగానే మోతీ తోక యాడించుచు నా కాళ్లమీద కెగిరినది. అంతలో చావడిలో మా తండ్రిగారు చదివిన అమరకోశము అట్టలూడి, చీలికలై పడియుండుట చూచితిని. పూర్వపు పుస్తకముల యట్టలకు పిండిజిగురు పూసెడివారు. ఆ వాసన దానికి విందు కాబోలు. చేతిలోని గొడుగుతో రెండు దెబ్బలు వేసితిని. అది కుయ్యోమని మూలకు పోయి, చెవులు వాల్చి, ప్రక్కచూపు చూచుచు నేలకంటుకొని కూర్చుండెను. “చూచితివా, తాను చేసిన తప్పు దానికి తెలియును” అని నా భార్యతో నంటిని. ఆ వాలుచూపు నా కోపమునకు సాక్ష్యమైనట్లు తృప్తి కలిగినది.

మా యమ్మాయి, “నాన్నగారూ, అది పుస్తకము కొఱికినది ప్రొద్దుననే. ఇప్పుడు అది చేసిన పని మీకెదురు వచ్చుట యొక్కటే. అందుకే కొట్టినారనుకొనదా?” అని యడిగినది. నేను బదులు చెప్పలేదు.

ఇట్లు బదులు చెప్పకపోవుట నాతో మొదలైనది కాదు. మహాభారతము తొలిభాగముననే సరమ కథ యున్నది. నన్నయగారును దానిని తెనిగించిరి. జనమేజయుని యజ్ఞశాలకు వచ్చిన కుక్కపిల్లను అతని తమ్ములు కొట్టిరి. అది యేడ్చుచు పోయి తల్లితో చెప్పుకొనగా, సంస్కృతమూలమున నా తల్లి మొదట అన్నమాట, నీవేదో తప్పు చేసియుందువని. తాను హవిస్సును చూడనైన లేదనియు, నాకలేదనియు పిల్ల చెప్పినది. అప్పుడు సరమ వచ్చి నిలదీయగా వారు కిమ్మనలేదు. ఊహింపని భయము వచ్చునని యామె శపించిన యంశము నందఱు నెఱుగుదురు. నాకు మాత్రము ఆ తల్లి మొదటి మాటయే మనసున నాటినది. దెబ్బ తిన్నవాడు తప్పు చేసియే యుండునను తలపు, కన్నతల్లినిగూడ విడువలేదు గదా!

కుక్క ముఖమున కనబడు ఆ “తప్పుచేసిన చూపు”ను అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అను అమెరికా విదుషి పరీక్షించి, 2009లో ఫలితములు ప్రకటించినది. 14 పెంపుడు కుక్కలకు తినుబండారము చూపి, ముట్టవలదని చెప్పి, యజమానులు గదివీడి పోయిరి. తిరిగి వచ్చినపు డాయజమానులకు కొన్నిసారులు నిజమును, కొన్నిసారులు అబద్ధమును చెప్పిరి. కుక్క తిన్నదా లేదా యనుదానితో ఆ చూపునకు సంబంధము కనబడలేదు. గద్దింపబడినపుడే అది హెచ్చినది. ముట్టకుండియు గద్దింపు తిన్నవానియందే అది మఱింత స్పష్టముగా నుండెనట! అనగా నేను సాక్ష్యమనుకొన్నది నా కోపపు నీడయే.

ఇది చదివినపుడు నాకు మోతీకంటె ముందు మా బడిపిల్లలు జ్ఞప్తికి వచ్చిరి. ఇరువదియేండ్లుగా ఆ వాలుచూపును చూచుచున్నాను. తల వంచినవాడు దోషి, తలయెత్తి చూచినవాడు పొగరుబోతు. ఇక తప్పించుకొను దారి యేది? 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టరాదని శాసించి, మా చేతిలోని బెత్తమును తీసికొనినది. ముఖము చూచి తీర్పు చెప్పు కన్ను మాత్రము మాయొద్దనే యున్నది.

భాషయు మనలను పట్టియిచ్చుచున్నది. శిక్ష యను శబ్దమునకు సంస్కృతమున నేర్చుట, నేర్పుట యని యర్థము. వేదాంగములలో నొకదానికి, ఉచ్చారణను బోధించుదానికి, అదియే పేరు. హిందీవారు నేటికిని చదువునే శిక్ష యందురు. మన నోట మాత్రము శిక్ష యనగా దండనయైనది. నేర్పుట మానినచోట కొట్టుట వచ్చి కూర్చుండి, దాని పేరును తానే పెట్టుకొనినది.

అట్లయిన దాని యిష్టమునకు విడువవలెనా యని మిత్రుడొకడు నన్నడిగెను. విడువరాదు. పసిబిడ్డ కాలు కొఱికినను, వాకిటికి వచ్చినవారిపై బడినను ఆపవలసినదే. అయితే ఆ క్షణముననే ఆపవలెను. నమలుటకు మఱియొకటి యీయవలెను. చక్కగా నున్నపుడు మెచ్చుకొనవలెను. వీనికి కావలసినది ఓపిక, గొడుగు కాదు. ఓపిక నాకు తక్కువ. ఆనాడు నాకు కావలసినది దానికి నేర్పుటయే కాదు. తండ్రిగారి పుస్తకమును అందరాని యెత్తున పెట్టని నా నిర్లక్ష్యమును మఱపించు నొక దోషి.

అమరకోశమును దారముతో కట్టి అటకమీది పెట్టెలో పెట్టితిని. మోతీ యిప్పుడును సాయంకాలము గుమ్మముకడకు వచ్చును. కాని వెనుకటివలె నెగురదు. రెండడుగుల దూరమున నిలిచి, మొదట నా చేతివంక చూచును. అందేమియు లేకున్నచో, అప్పుడు తోక యాడించును.