నాగార్జునులు ఎందరు?

మాధ్యమిక దర్శనానికి మూలపురుషుడైన ఆచార్య నాగార్జునుడు క్రీ.శ. 2, 3 శతాబ్దుల ప్రాంతంవాడు. రసవాదులు గురువుగా కొలిచేదీ నాగార్జునుణ్ణే. సుశ్రుత సంహితను సంస్కరించాడని దాని వ్యాఖ్యాత డల్హణుడు చెప్పినవాడిది, గుహ్యసమాజ తంత్ర సంప్రదాయంలో పంచక్రమం రాసినవాడిది, 84 మంది సిద్ధుల్లో ఒకడిదీ అదే పేరు. టిబెట్ సంప్రదాయం తార్కికుణ్ణీ తాంత్రికుణ్ణీ సిద్ధుణ్ణీ ఒక్కరిగా కలిపేసి, కాలం సరిపోవడానికి ఆయనకు 600 ఏళ్ల ఆయుష్షు కట్టబెట్టింది. కానీ 1030 ప్రాంతంలో భారతదేశాన్ని గురించి రాసిన అల్‌బిరూనీ, సోమనాథ్ దగ్గరి రసవాది నాగార్జునుడు తనకు సుమారు నూరేళ్ల ముందువాడన్నాడు. అప్పటికి ఆచార్యుడి మూలమధ్యమకకారిక కుమారజీవుడి చేతిలో చైనా భాషలోకి వెళ్లి 500 ఏళ్లు దాటింది. వీళ్లిద్దరూ ఒకరే కావడం అసాధ్యం.

దీనికి భక్తుల వైపు నుంచి ఒక అభ్యంతరం ఉంది. గురువంటే దేహం కాదు, పరంపర. శంకర పీఠాలను అధిష్ఠించినవారందరూ శంకరాచార్యులే కదా అంటారు. నిజమే, కానీ పీఠం తన గురువుల వరుసను విడివిడి పేర్లతో గుర్తుపెట్టుకుంటుంది, అందరినీ కలిపి ఒకే జీవితకథగా చెప్పదు. అంతకంటే బలమైన ప్రశ్న మాధ్యమికం లోపలి నుంచే వస్తుంది: ఏ వస్తువుకూ స్వభావం లేదని, వ్యక్తి అనేది ఉపాదానాలను బట్టి చేసే వ్యవహారమేనని చెప్పినవాడి విషయంలో, ఇతడు వేరు అతడు వేరు అని పట్టుబట్టడం ఏమిటి? ఈ ప్రశ్న శూన్యతను అభావంగా పొరబడుతోంది. వ్యవహారాన్ని ఆశ్రయించకుండా పరమార్థాన్ని బోధించలేమని కారిక 24వ ప్రకరణం స్పష్టంగా చెబుతుంది. వ్యక్తి హేతుప్రత్యయాల మీద ఆధారపడ్డవాడైతే, వేరు హేతువులు, వేరు కాలం, వేరు గురువులు ఉన్నవాడు వేరే వ్యక్తి అనే ఒప్పుకోవాలి. మార్పు లేని నాగార్జునుడొకడు శతాబ్దాల పొడవునా అలాగే నిలిచాడనడమే ఆయన ఖండించిన స్వభావవాదం. కారికలోని వాదాన్ని వాదంగా పరీక్షించకుండా, చావును జయించిన సిద్ధుడి మాట కాబట్టి నమ్మాలనడం కంటే ఆ గ్రంథానికి పెద్ద అన్యాయం లేదు. రసవాదికీ నష్టమే: కొలిమి దగ్గర అతడు సాధించినదంతా తత్త్వవేత్త కాలక్షేపమైపోతుంది.

తెలుగునేలకు ఇందులో ప్రత్యేకమైన బాధ్యత ఉంది. నాగార్జునకొండ పేరు వినగానే ఆచార్యుడు అక్కడే బోధించాడని అనుకుంటాం. అక్కడి ఇక్ష్వాకుల శాసనాలు విజయపురిని, శ్రీపర్వతాన్ని చెబుతాయి, ఆచార్యుడి ఊసెత్తవు. జగ్గయ్యపేటలో సుమారు 6వ శతాబ్దపు శాసనం మాత్రం భదంత నాగార్జునాచార్యుణ్ణి పేర్కొంటుంది. ఆయన శిష్యుడు జయప్రభాచార్యుడు, అతని శిష్యుడు చంద్రప్రభుడు బుద్ధప్రతిమ చేయించాడు. మాధ్యమికుడి తరవాత కొన్ని వందల ఏళ్లకు బతికిన ఈ భిక్షువును కూడా ఆ మహానామంలో కలిపేస్తే, చంద్రప్రభుడు రాతిమీద కృతజ్ఞతతో తలచుకున్న గురువు మనకు పూర్తిగా దక్కకుండా పోతాడు.