భయానికి శాతమెంత?

బొటనవేలు పూర్తిగా తెగిపోతే సంపాదించే శక్తిలో 30 శాతం పోయినట్టు లెక్క. చూపుడు వేలైతే 14 శాతం. 1923లో వచ్చిన కార్మికుల నష్టపరిహార చట్టం వెనక ఉన్న పట్టిక చెప్పే మాట ఇది. 2009లో ఆ చట్టం పేరులో ‘కార్మికుల’ పోయి ‘ఉద్యోగుల’ వచ్చింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోకీ అలాంటి పట్టికే చేరింది. చెయ్యి, కాలు, కన్ను, దేని లెక్క దానికి కట్టిన ఆ జాబితాలో ఒక గడి మాత్రం కనిపించదు. గాయం మానింది, కట్టు విప్పేశారు, కానీ మిషన్ మోత వినపడగానే ఒళ్ళంతా చెమట పట్టి కాళ్ళు వెనక్కి లాగుతున్నాయి. దానికి శాతమెంత? పట్టికలో లేని గాయాన్ని డాక్టరు పరీక్షించి నష్టం అంచనా కట్టే వీలు చట్టంలో ఉంది. అక్కడిదాకా వెళ్ళాలంటే ముందు మనిషి నోరు తెరిచి ‘నాకు భయంగా ఉంది’ అనాలి. పల్నాడులోని గురజాల ప్రాంతంలో మగవాడి నోట ఆ మాట రావడం తేలిక కాదు.

ఇక్కడి బతుకు రాతితో ముడిపడింది. నేల కింద సున్నపురాయి. దాచేపల్లి, పిడుగురాళ్ళ, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, క్వారీలు. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు. బట్టీ పైనుంచి రాయీ బొగ్గూ పొరలు పొరలుగా పోస్తారు, కాలిన సున్నం కిందనుంచి తీస్తారు. అలా తీసిన సున్నానికి తడి తగిలితే చాలు, సలసల కాగుతుంది. చెమట పట్టిన చర్మం కూడా దానికి తడే. కంట్లో పడితే చూపు పోవచ్చు. క్వారీలో రాయి జారడం, క్రషర్ బెల్టులో చెయ్యి పడటం లాంటివి ఈ పనుల్లో ఎప్పుడూ పొంచి ఉండే ప్రమాదాలు.

అలా చెయ్యి కాలిన మనిషి ఒకడు రెండు నెలల తర్వాత మళ్ళీ బట్టీకి బయల్దేరాడనుకుందాం. తువ్వాలు భుజాన వేసుకుంటాడు, క్యారేజీ పట్టుకుంటాడు, టీ కొట్టు దాకా బాగానే వస్తాడు. పొగ వాసన ముక్కుకి తగలగానే గుండె దడదడలాడుతుంది, నోరు పిడచకట్టుకుపోతుంది. ‘కడుపులో బాగాలేదు’ అని వెనక్కి తిరుగుతాడు. మర్నాడు తలనొప్పి. ఆ మర్నాడు చుట్టాలింట్లో పని. భార్యకి తెలుసు, మేస్త్రీకి తెలుసు, అతనికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తరు. నెల తిరిగేసరికి ఊరి తీర్పు వచ్చేస్తుంది: ‘ఒంట్లో బానే ఉందిగా, పని ఎగ్గొట్టడానికి నాటకం.’ కాస్త దయగలవాళ్ళది ఇంకో తీర్పు: ‘వాడి కర్మ.’ మొదటి తీర్పు బాధే లేదంటుంది. రెండోది ఉందని ఒప్పుకుంటూనే, చేయగలిగిందేమీ లేదని తలుపేస్తుంది. దయతో చెప్పినా రెండోదే ఎక్కువ హాని చేస్తుంది.

భయం మనిషిలోని లోపమా? పౌరుషం చాలకపోవడమా? దేవుడి మీద నమ్మకం సడలడమా? పల్నాడులో ఈ ప్రశ్న పుస్తకాల్లో ఉండిపోయే సంగతి కాదు.

12వ శతాబ్దంలో గురజాల నలగామరాజుది, మాచర్ల మలిదేవరాజుది. ఆ దాయాదుల పోరు కారంపూడిలో ముగిసింది. శ్రీనాథుడు దాన్ని ‘పల్నాటి వీరచరిత్ర’గా చెప్పాడు. ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు అక్కడ వీరుల ఉత్సవాలు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల పేరు మీద ఆయుధాలకు పూజ చేస్తారు. నాగులేటి ఒడ్డున చచ్చినవాడికి గుడి ఉంది, చంపినవాడికి పాట ఉంది. దెబ్బతిని, భయపడి, బతికి ఇంటికొచ్చినవాడికి మాత్రం ఏమీ లేదు. అలాంటివాళ్ళు లేకుండా ఏ యుద్ధమూ ఉండదు.

నిజానికి ఆ కథలోనే ఒక ఆధారం ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. యుద్ధం ముగిశాక మాచర్ల పక్షపు మంత్రి బ్రహ్మనాయుడు రాజ్యం నలగాముడికే వదిలేసి గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని జనం చెప్పుకుంటారు. కొడుకు బాలచంద్రుడు పోయాడు, తనవాళ్ళంతా పోయారు. చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒక్క బంతిలో కూర్చోబెట్టిన మనిషి చివరికి గుహ చీకట్లోకి నడిచాడు. భక్తులు దాన్ని తపస్సంటారు. అనొచ్చు. కానీ ఆ గుహ దాకా వెంట వెళ్ళి ‘అయ్యా, ఎలా ఉన్నారు?’ అని అడిగినవాళ్ళెవరన్నది మాత్రం కథలో వినపడదు.

మహాభారతంలో ఇదే పరిస్థితి ఇంకోలా నడిచింది. కురుక్షేత్రం గెలిచాక ధర్మరాజు నాకీ రాజ్యం వద్దు, అడవికి పోతానన్నాడు. శాంతిపర్వం మొదలయ్యేదే అక్కడ. విరాటపర్వం నుంచి చివరిదాకా తెనిగించిన తిక్కన చేతిమీదుగా ఆ పర్వం తెలుగువాళ్ళకి చేరింది. ఇంట్లోవాళ్ళు ఏం చేశారో చూడండి. భీముడు ఎత్తిపొడిచాడు. అర్జునుడు వాదించాడు. వ్యాసుడి సంస్కృత మూలంలోనైతే ద్రౌపది మరీ ముందుకెళ్ళి, ఇలా దారితప్పినవాడికి ధూపం వేసి, కంటికి కాటుక పెట్టి, ముక్కులో మందు పోసి వైద్యం చేయించాలంది. నేటి ఇళ్ళలో వినపడే మాటలకీ వాటికీ తేడా ఏముంది? దెప్పిపొడుపులతో ధర్మరాజు కోలుకోలేదు. వ్యాసుడు, కృష్ణుడు ఓపిగ్గా చెప్పి చెప్పి పట్టాభిషేకం దాకా తెచ్చారు. ఆ తర్వాత అంపశయ్య మీదున్న భీష్ముడి దగ్గర కూర్చోబెట్టారు. ధర్మరాజు అడుగుతూ పోయాడు, భీష్ముడు చెబుతూ పోయాడు. చెప్పేవాడి ఒంటి నిండా కూడా గాయాలే.

అన్నిటికన్నా నిజాయితీ గల సంగతి ఆ తర్వాతిది. అంత బోధ విన్న ధర్మరాజు భీష్ముడు పోగానే గంగ ఒడ్డున మళ్ళీ కుప్పకూలాడు. అశ్వమేధపర్వం అలా మొదలవుతుంది. ‘అన్ని చెప్పినా మళ్ళీ మొదటికొచ్చాడే’ అని విసుక్కునేవాళ్ళు ఆ అధ్యాయం ఒకసారి తిరగేస్తే బాగుండు. కోలుకున్నవాడు మళ్ళీ పడటం వైద్యం విఫలమైనట్టు కాదు. దాన్ని వైద్యంలో ఒక భాగంగానే చూస్తారు.

నమ్మకం ఉంటే భయం ఉండదనే వాదన కూడా మతగ్రంథాల ముందు నిలవదు. గెత్సెమనే తోటలో ఏసు వేదనతో, ఈ గిన్నె నా నుంచి తొలగించమని ప్రార్థించాడు. తోడుండమన్న శిష్యులు నిద్రపోయారు. తొలి దైవవాణి విన్న మహమ్మద్ ప్రవక్త వణుకుతూ ఇంటికొచ్చి దుప్పటి కప్పమన్నారు. ఖదీజా కప్పి, ధైర్యం చెప్పింది. యుద్ధరంగంలో అర్జునుడి చేతిలోంచి గాండీవం జారింది, ఒళ్ళు మండింది, నోరెండింది. వీళ్ళలో ఎవరినీ అవిశ్వాసి అని మతం అనలేదు.

మాచర్ల దాటితే నాగార్జునసాగర్. జలాశయం మధ్య దీవిలో నాగార్జునకొండ, 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల విజయపురి తాలూకు శిథిలాలు. అక్కడి శాసనాల్లో విగతజ్వరాలయం అనే పేరు కనపడుతుంది. విహారానికి అనుబంధంగా రోగులు కోలుకునే చోటు అయ్యుండొచ్చని చరిత్రకారులు చెబుతారు. ఆ విహారాల గురువైన బుద్ధుడు గాయం గురించి చెప్పిన ఒక ఉపమానం సంయుత్త నికాయంలో ఉంది. బాణం తగిలితే ఒంటికి నొప్పి. ఏడ్చి, కుమిలి, ‘ఇలా ఎందుకైంది’ అని రగిలితే రెండో బాణం తగిలినట్టే. జ్ఞానికి మొదటి బాణం మాత్రమే తగులుతుంది. గ్రీకుల్లో ఎపిక్టెటస్ కూడా దాదాపు ఇదే చెప్పాడు, ఆయన బానిసగా బతికినవాడు, కుంటివాడు. మనల్ని కలవరపెట్టేది జరిగిన సంఘటన కాదు, దాన్ని మనం తీసుకునే తీరు అన్నది ఆయన వాదం. 20వ శతాబ్దంలో ఆల్బర్ట్ ఎల్లిస్ తన చికిత్సా పద్ధతికి పునాదిగా ఆయన పేరే చెప్పాడు. నేటి కౌన్సెలింగ్ గదుల్లో వాడే పద్ధతుల్లో చాలావాటికి ఆ వేరు ఉంది.

అయితే ఆ ఉపమానాన్ని బట్టీ కూలీకి యథాతథంగా అప్పజెబితే అన్యాయమే. అతనికి తగిలిన రెండో బాణం అతను వేసుకున్నదేనా? పరిహారం కాగితాల కోసం తిప్పించుకున్నవాళ్ళది ఒకటి. ‘రేపట్నుంచి రాకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటా’ అన్నవాడిది ఒకటి. ‘నాటకం’ అన్న ఊరిది మరొకటి. పక్కవాళ్ళు వేసిన బాణాలకు బాధితుడి మనసునే తప్పుపట్టడం బోధ కాదు, తప్పించుకోవడం. బుద్ధుడు మాత్రం తప్పించుకోలేదు. అతిసారంతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువు ఒకడు ఎవరికీ పట్టకపోతే, ఆనందుడితో కలిసి స్వయంగా కడిగి పడుకోబెట్టాడని వినయపిటకం చెబుతుంది. నాకు సేవ చేయాలనుకునేవాళ్ళు రోగికి చేయండి అన్నాడట. రెండు బాణాల కథ రోగి కోసం, ఈ కథ చుట్టూ ఉన్నవాళ్ళ కోసం. మనం మాత్రం మొదటిదే ఎత్తి చెబుతాం, ఎందుకంటే దానికి మన ఖర్చు ఏమీ ఉండదు.

మరి దడుపుకు తాయెత్తు కట్టించడం, దర్గాలో ఊదించుకోవడం, చర్చిలో ప్రార్థన చేయించడం తప్పా? తమిళనాడులోని ముత్తుస్వామి గుడి దగ్గర ఉండిపోయిన 31 మంది మానసిక రోగుల మీద నిమ్హాన్స్ డాక్టర్ రఘురామ్ బృందం చేసిన అధ్యయనం 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మందుల్లేకుండానే రోగ లక్షణాల కొలమానం దాదాపు 20 శాతం తగ్గింది. ఆదరించే చోటు, కొట్టనివాళ్ళు, చిన్నచిన్న పనులు, బహుశా అవే మందు అయ్యాయి. అంతకు ముందు ఏడాదే, 2001 ఆగస్టు 6న, అదే తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా దగ్గరి ఒక ఆశ్రమంలో మంటలు రేగి, గొలుసులతో కట్టేసిన 28 మంది రోగులు కాలిపోయారు. రెండు చోట్లా దేవుడున్నాడు, భక్తీ ఉంది. తేడా గొలుసొక్కటే. తాయెత్తు కట్టించుకున్నాక డాక్టరు దగ్గరికి పోనివ్వకుండా ఆపితే, అది కూడా గొలుసే.

కౌన్సెలర్ చేసేది మంత్రమేమీ కాదు. భయాన్ని మెట్లుగా విడగొడతారు. ముందు ప్రమాదం గురించి నోటితో చెప్పించడం. తర్వాత బట్టీ కనపడే దూరంలో నిలబడటం, గుండెదడ దానంతటదే తగ్గేదాకా అక్కడే ఉండటం. ఇంకో రోజు గేటు లోపల అరగంట. ఆపైన తేలిక పని, ఆపైన పాత పని. తప్పించుకున్న ప్రతిసారీ భయం బలపడుతుంది, నిలబడ్డ ప్రతిసారీ కొంచెం సడలుతుంది. అందుకే ఒక్కసారిగా తోసెయ్యడమూ తప్పే, ‘పూర్తిగా తగ్గాక వెళ్దువులే’ అని నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టడమూ తప్పే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలూ, చికిత్సతో పాటు పనిచోట మార్పులు కూడా చెయ్యాలనే అంటాయి. ఆ రెండో సగం కౌన్సెలర్ చేతిలో లేదు, యజమాని చేతిలో ఉంది.

చట్టాలు కొంత తోడుంటాయి. పని మీద గాయపడ్డవాడికి ఈఎస్ఐ ఉంటే కోలుకునేదాకా దాదాపు 90 శాతం జీతం వస్తుంది. ప్రభుత్వోద్యోగి సర్వీసులో ఉండగా వికలాంగుడైతే తీసెయ్యకూడదని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతుంది. శరీర రోగాలకు ఇచ్చినట్టే మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆదేశించింది. దినకూలీల్లో చాలామందికి వీటిలో ఏదీ అందదు. 2015-16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ సర్వే ప్రకారం మానసిక సమస్యలున్నవాళ్ళలో వైద్యం అందనివాళ్ళు, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు.

కాబట్టి బట్టీల యజమానులకూ, క్వారీ మేస్త్రీలకూ ఒక విన్నపం. దెబ్బ తగిలి తిరిగొచ్చినవాడికి మొదటి కొన్ని వారాలు మంట దగ్గర కాకుండా వేరే పని ఇవ్వండి, కూలీ కొయ్యకండి. ఇంట్లోవాళ్ళు ‘ఇంకెన్నాళ్ళు’ అనే ముందు పక్కన కూర్చుని ఒకసారి అడగండి. ఎవరికీ చెప్పుకోలేనివాళ్ళ కోసం 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.