బోరు నీళ్ళతో కాపురం

హైదరాబాదులో కందిపప్పు ఎంతకీ ఉడకడం లేదంటే, అనుభవం ఉన్నవాళ్ళు పప్పు ఎక్కడ కొన్నారని కాదు, ఏ నీళ్ళు పోశారని అడుగుతారు. బోరు నీళ్ళలోని కాల్షియం పప్పులో ఉండే పెక్టిన్‌ను పట్టుకుని బిగిస్తుంది. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసినా బద్ద బద్దగానే ఉంటుంది. అదే పప్పు నల్లా నీళ్ళలో పడితే మెత్తగా ఉడికి, పప్పుగుత్తికి పెద్దగా పని పెట్టదు. పల్లెల్లో మన పెద్దవాళ్ళకు పెక్టిన్ సంగతి తెలియదు గానీ నీళ్ళ సంగతి తెలుసు. పప్పు ఉడికే బావి ఏదో, గిన్నెలకూ పశువులకూ సరిపోయే బావి ఏదో ఆడవాళ్ళు ఇట్టే చెప్పేవారు. దూరమైనా సరే, వంటకు ఆ బావి నీళ్ళే మోసుకొచ్చేవారు. ఏ నీళ్ళు దేనికో ఎరిగి వాడుకునే ఆ తెలివిడి మనకు ఇప్పుడు మరీ అవసరమని నాకనిపిస్తుంది.

ఈ నగరం కింద పరుచుకుని ఉన్నది గ్రానైటు. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి. వాన నీరు మట్టిలోంచి దిగుతూ అక్కడి కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొద్దిగా ఆమ్లగుణం తెచ్చుకుంటుంది. రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి, కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ నెమ్మదిగా కరిగించుకుంటుంది. ఆ నీటిని మనం బోరుతో పైకి తోడి కాచినప్పుడు, కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు విడిపోతుంది. కార్బన్ డయాక్సైడు గాలిలోకి పోతుంది, సున్నం గిన్నెకు అంటుకుంటుంది. గిన్నె అడుగున కనిపించే తెల్లటి పొర మురికి కాదు. రాయిలోంచి కరిగి వచ్చింది మళ్ళీ గట్టిపడడం, అంతే.

గీజరు బాగుచేసే కుర్రాడు ఎలిమెంటును బయటికి లాగినప్పుడు ఒకసారి దగ్గర కూర్చుని చూశాను. లోహం ఎక్కడా కనబడలేదు. దాని చుట్టూ వేలెడు మందాన తెల్లటి పెచ్చు కట్టి ఉంది. పైపొర గోటితో గీరితే పొడిగా రాలింది. లోపలిది స్క్రూడ్రైవరుతో కొట్టినా కదల్లేదు. ట్యాంకును వంచితే అడుగున పేరుకున్న పెచ్చులు గలగలమని బకెట్టులో పడ్డాయి. ఆ పెచ్చు వేడిని నీళ్ళకు తొందరగా చేరనివ్వదు. నీళ్ళు కాగడం ఆలస్యమవుతుంది, కరెంటు ఎక్కువ కాలుతుంది, చివరికి ఎలిమెంటే మాడిపోతుంది. నాకు మాత్రం విసుగు కంటే ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. గ్లాసులో పోస్తే తేటగా కనిపించే నీళ్ళు ఇంత రాయిని మన ఇంట్లోకి మోసుకొచ్చాయి!

గిన్నెలకూ కుళాయిలకూ పట్టిన సున్నం పోగొట్టడం కష్టమేమీ కాదు. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే నురగ కక్కుతూ వదిలిపోతుంది. షవరు రంధ్రాలకూ ఇదే వైద్యం. కానీ పాలరాతి గచ్చు మీద నిమ్మ ఉప్పు పడకూడదు, ఆ రాయీ అదే జాతిది, మెరుపు పోతుంది.

సబ్బు సంగతి వేరు. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి నురగకు బదులు జిడ్డుగా తేలుతాయి. బకెట్టు అంచున బూడిద రంగు చార పడేది, తలస్నానం చేశాక జుట్టు పీచులా తగిలేది అందుకే. కుంకుడుకాయకు ఆ ఇబ్బంది లేదు. అందులో నురగనిచ్చే సాపోనిన్లు కాల్షియానికి అంతగా లొంగవు. ఉప్పు బావుల ఊళ్ళలో కూడా మన అమ్మమ్మలకు తలంటు ఇచ్చింది ఆ కాయే.

ఈ నీళ్ళ భారం ఇంట్లో అందరి మీదా సమానంగా పడదు. నాలుగిళ్ళలో గిన్నెలు తోమే ఆవిడ వేళ్ళు చూడండి. గట్టి నీళ్ళూ, నురగ రాలేదని ఎక్కువగా వేసుకున్న సబ్బూ కలిసి చర్మాన్ని పగలగొడతాయి. పని అయ్యాక చేతులు కడుక్కోవడానికి ఒక చెంబు నల్లా నీళ్ళు, రాసుకోవడానికి కాస్త కొబ్బరినూనె సింకు పక్కన ఉంచడం పెద్ద పనేమీ కాదు. చాలా ఇళ్ళలో అది ఎవరికీ తోచదు, తోచాలి.

భయాలు కూడా ఈ నీళ్ళ చుట్టూ బాగానే ముసురుకున్నాయి. నీళ్ళలోని ఈ గట్టిదనానికి, అంటే కాఠిన్యానికి, ఆరోగ్యం దృష్ట్యా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ పరిమితీ పెట్టలేదు. మన దేశపు తాగునీటి ప్రమాణం మాత్రం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉంటే మేలంటుంది, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. కాల్షియం, మెగ్నీషియం శరీరానికి కావలసినవే. జాగ్రత్తపడాల్సింది ఫ్లోరైడు, నైట్రేటు లాంటివాటి గురించి. వాటిని టీడీఎస్ మీటరు చెప్పలేదు, అది కరిగినవాటన్నిటినీ కలిపి ఒక అంకె చూపిస్తుంది. బోరు నీళ్ళు తాగేవాళ్ళు ఒకసారి ల్యాబులో పరీక్ష చేయించుకుంటే అనవసర భయమూ పోతుంది, అవసరమైన జాగ్రత్తా తెలుస్తుంది.

పరీక్ష చేయించకుండానే యంత్రం కొనేయడం నాకు నచ్చదు. ఇళ్ళలోని ఆర్వో సాధారణంగా ఒక గ్లాసు నీళ్ళిచ్చి అంతకు మించి పారబోస్తుంది. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియం ఇస్తుంది, తర్వాత దాన్ని ఉప్పు నీటితో కడగాలి. ఆ ఉప్పంతా కాలువలో కలుస్తుంది. మన స్నానం హాయిగా ఉండడానికి దిగువన ఉన్నవాళ్ళ నీళ్ళను మరింత ఉప్పగా చేస్తున్నామా అని కొనేముందు ఆలోచించాలి. తప్పనిసరైతే ఆర్వో వదిలే నీళ్ళను గచ్చు తుడవడానికైనా పట్టుకోవచ్చు.

మూసీ మీద 1920లో కట్టిన గండిపేట చెరువు నీళ్ళు తాగినవాళ్ళు ఈ ఊరు వదలరని ఒక మాట ఉండేది. తర్వాత మంజీర వచ్చింది, ఆపైన కృష్ణ, గోదావరి. నాగార్జునసాగర్ నుంచి, ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపులతో తోసుకొస్తున్న నీళ్ళివి. అటువంటి నీళ్ళను సంపులో బోరు నీళ్ళతో కలిపేస్తే పప్పుకూ మంచివి మిగలవు, మరుగుదొడ్డికి నదిని వాడినట్టూ అవుతుంది. వంటకు, తాగడానికి, పసిపిల్లల స్నానానికి నల్లా. మిగతాదానికి బోరు. ట్యాంకులు వేరు చేయడానికి ఒకసారి ప్లంబింగ్ ఖర్చు అవుతుంది, నిజమే. చేయలేని ఇంట్లో మూత ఉన్న డ్రమ్మొకటి వంటింటి పక్కన పెట్టుకున్నా చాలు.

వాన నీటిలో కాల్షియం దాదాపు ఉండదనే చెప్పవచ్చు. డాబా మీద పడిన వానను వడగట్టి బోరు పక్కన ఇంకనిస్తే కింది నీళ్ళు పలచబడతాయి. ఒక్క వర్షాకాలంలో తేడా తెలియకపోవచ్చు. మా అపార్ట్‌మెంటులో ఏటా మే నెలలో ఇంకుడు గుంత ఒండ్రు తీయించి, కంకర కడిగించి మళ్ళీ నింపిస్తాం. ఖర్చు అన్ని ఫ్లాట్లూ పంచుకుంటాయి, అద్దెకున్నవాళ్ళతో సహా.