చెలి స్మృతి - చెల్లవలసిన ఋణం

‘స్మృతి’ అనే మాటకు మన సంప్రదాయంలో రెండు అర్థాలు ప్రసిద్ధం. ఒకటి జ్ఞాపకం, మరొకటి ధర్మశాస్త్రం. జ్ఞాపకం ఉంచుకొనడం మనసుకు సహజంగా జరిగే వ్యాపారమా, లేక మనిషి నెరవేర్చవలసిన విధియా అనే ప్రశ్న ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నది. బాల్యస్నేహితురాలు మరణించినపుడు ఈ ప్రశ్న మరింత సూటిగా ఎదురవుతుంది.

ఈ మాటనే పేరులో ధరించిన స్మృతి నగర్ భిలాయిలో ఉన్నది. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు ఆ పట్టణంలో ఉక్కు కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి కోసం అక్కడికి చేరినవారిలో తెలుగు కుటుంబాలు అనేకం. కంపెనీ క్వార్టర్లలో పెరిగిన పిల్లలకు తాతల నాటి ఇల్లు, ఊరి చెరువు సెలవులకు చూసివచ్చేవి మాత్రమే. పక్క క్వార్టరులోని చెలిమే వారికి సొంత ఊరు. కాలక్రమాన తండ్రి ఉద్యోగ విరమణతో ఆ క్వార్టరు పరాయిదయింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాష్ట్రం పేరు మారింది. పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మారింది. తుదకు మరణవార్త సైతం చిన్ననాటి చెలికి పరిచయం లేని పేరుతోనే వస్తుంది.

అటువంటి దుఃఖంలో రెండు నష్టాలు కలిసి ఉంటాయి. పోయినది ఆమె, ఆమెతోపాటు పోయినది బ్రతికి ఉన్నవారి బాల్యానికి మిగిలిన సాక్ష్యం. తన కోసం తాను దుఃఖించడం దోషమనడానికి వీలులేదు. అయితే తన నష్టాన్నే ఆమె స్మృతిగా భావించడంలో అన్యాయం ఉన్నది.

పతంజలి యోగసూత్రాలలో స్మృతిని నిర్వచిస్తూ ‘అసంప్రమోషం’ అనే పదం వాడాడు. అనుభవించిన విషయం చేజారకుండా నిలవడమని దాని సామాన్యార్థం. వ్యాఖ్యాత వాచస్పతి మిశ్రుడు అందులోని చౌర్యమనే అర్థాన్ని గ్రహించి, అనుభవానికి మించి స్వీకరించడమే దొంగతనమని వివరించాడు. మనోవృత్తిని గురించిన ఈ వివరణ నీతికీ అన్వయిస్తుంది. మరణించిన చెలిని దేవతను చేయడం అటువంటి చౌర్యమే. ఆమె మొండితనాన్ని, అట్లతద్దినాడు ఉయ్యాల వంతు కోసం పెట్టుకొన్న తగవును, పైచదువులు చదవాలన్న తీరని కోరికను తుడిచివేస్తే మిగిలే మూర్తి ఆమెది కాజాలదు.

పోయినవారి లోపాలు తలచరాదని పెద్దలు చెప్పే మాట ఉన్నది. దానిలో మర్యాద ఉన్నది. కాని లోపాన్ని దాచడం వేరు, క్షమించడం వేరు. తగవు గుర్తున్నవారే దానిని క్షమించగలరు. ఆనాడు అడగలేకపోయిన క్షమను ఈనాడు మనసులోనైనా అడగగలరు.

స్నేహితుల పట్ల ఋణాన్ని మన ఆచారం విస్మరించలేదు. బంధువులు కానివారికి సైతం నీళ్లు విడిచే భాగం తర్పణ విధిలో ఉన్నది. సాహిత్యమూ ఆ ఋణాన్ని గుర్తించింది. 1937లో మరణించిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు శ్రీశ్రీ, 1950లో వెలువడిన ‘మహాప్రస్థానం’ అంకితమిచ్చాడు. తర్పణాధికారం సాధారణంగా పురుషునిది. అంకితమివ్వడానికి కావ్యం కవికే ఉంటుంది. ఈ రెండూ లేని సామాన్య స్త్రీ తన చెలి ఋణాన్ని ఏ విధంగా తీర్చాలి?

మరణించిన స్త్రీని భర్త భార్యగా ఎరుగును, పిల్లలు తల్లిగా ఎరుగుదురు. ఆ రెంటికీ ముందున్న బాలికను ఎరిగినవారు ఇక ఏ కొద్దిమందో. ఆ బాలికను ఉన్నది ఉన్నట్లుగా, హెచ్చించకుండా, తగ్గించకుండా, ఆమె పిల్లలకు చెప్పడమే ఆ ఋణం. గోడ దూకి జామకాయలు కోసిన పిల్ల, ఓడిపోతే అలిగే పిల్ల తమ తల్లియేనని వినే హక్కు ఆ పిల్లలకు ఉన్నది. ఆ మాట చెప్పగలవారు ఉన్నంతలోనే చెప్పాలి.